విద్యార్థి, కెమేరా, ప్రయోగం

(సొసైటీ వార్షిక సభలో విద్యార్థులనూ, తల్లిదండ్రులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇటువంటి సభల్లో మామూలుగా పరీక్షల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతారు. అవి అవసరమే. నన్ను మాత్రం ఫొటోగ్రఫీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఫొటోలు తీస్తే కడుపు నిండుతుందా సాబ్?" అని ముందు వరుసలోని తండ్రులెవరైనా అడగక ముందే ఆ ప్రశ్న నేనే వేసుకుంటున్నాను. దానికి జవాబు చివర మనవి చేస్తాను. అంతకంటే ముందు అడగవలసింది మరొకటి ఉంది. ఫొటోలు తీయడం వల్ల విద్యార్థి బుద్ధి పెరుగుతుందా? ఊహ పెరుగుతుందా?

పెరుగుతుంది. కాని ఒక షరతు ఉంది. ప్రయోగం చేస్తూ తీస్తేనే పెరుగుతుంది. ఈ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లో ఫోను ఉంది, ఫోనులో కెమేరా ఉంది. వేలు తగిలిస్తే చాలు, బొమ్మ వచ్చేస్తుంది. రోజుకు వంద తీసినా ఖర్చు లేదు. అయినా వందో బొమ్మ మొదటి బొమ్మలాగే ఉంటే ఆ కుర్రవాడు ఏం నేర్చుకున్నట్టు? ఫోను పని చేసింది, వాడు చేయలేదు. వెలుగును తన చేతుల్లోకి తీసుకుని, "ఇలా చేస్తే ఏమవుతుంది?" అని అడిగిన రోజు నుంచే చదువు మొదలవుతుంది.

చీకటి గదిలో మొదటి పాఠం

ఈ ప్రశ్న అడిగే పద్ధతి ఎంత పాతదో చూడండి. సుమారు 965లో బస్రా నగరంలో పుట్టి, కైరోలో జీవించిన ఇబ్న్ అల్-హైసమ్ అనే శాస్త్రవేత్త వెలుగును గురించి "కితాబ్ అల్-మనాజిర్" అనే గొప్ప గ్రంథం రాశాడు. అందులో ఒక ప్రయోగం ఉంది. ఒక రంధ్రానికి ఎదురుగా కొన్ని దీపాలను వేరువేరు చోట్ల పెట్టాడు. రంధ్రానికి అవతల చీకటి స్థలం. దీపాలెన్నో లోపల అన్ని వెలుగు మచ్చలు విడివిడిగా పడ్డాయి. ఒక దీపాన్ని మూస్తే దానికి సూటిగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమయింది. దీపాన్ని మళ్ళీ తెరిస్తే మచ్చ మళ్ళీ వచ్చింది. దీనివల్ల వెలుగు తిన్నగా నడుస్తుందనీ, ఒక చోటనే కలిసినా కిరణాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కావనీ తేలింది.

పిల్లలారా, ఈ ప్రయోగంలో గొప్పతనం దీపాల్లో లేదు, ఒక్కసారికి ఒక్క దీపాన్నే మూయడంలో ఉంది. రెండు మూడు ఒకేసారి మార్చేస్తే ఏది దేనివల్ల జరిగిందో ఎవరికీ తెలియదు. ఈనాటి నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చినది రాసుకో.

పాతబస్తీలో పాత ఇళ్ళున్న వాళ్ళకు ఈ పాఠం ఇంట్లోనే దొరుకుతుంది. మధ్యాహ్నం వేళ తలుపులన్నీ మూసిన గదిలో, చెక్క తలుపుకున్న చిన్న కంతలోంచి వీధి బొమ్మ ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. ఆటో తలకిందులుగా పోతుంది. అటు నుంచి వచ్చే మనిషి ఇటు నుంచి వచ్చినట్టు కనిపిస్తాడు. కెమేరా అంటే ఇదే. లోపల ఒక చీకటి గది, దానికి ఒక కంత. మిగతా హంగులన్నీ తర్వాత వచ్చినవి. కంతకు అడ్డంగా ఒక అట్టముక్క పెట్టి, దానికి సూదితో చిన్న రంధ్రం చేసి చూడండి. బొమ్మ స్పష్టమవుతుంది కాని మసకబారుతుంది. రంధ్రం పెద్దది చేయండి. వెలుగు పెరుగుతుంది కాని గీతలు అలుక్కుపోతాయి. అపర్చరు గురించి పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత బాగా బుర్రకెక్కదు.

ఒక డ్రాఫ్ట్స్‌మన్ కథ

మన నగరంలోనే ఒక ఉదాహరణ ఉండగా నేను విదేశాల పేర్లు చెప్పనవసరం లేదు. లాలా దీన్ దయాళ్ పేరు పెద్దలు వినే ఉంటారు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కాలేజీలో చదువుకుని, 1866లో ఇందోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. అక్కడ ఆయన పని అంచనాలు వేయడం, ప్లాన్లు గీయడం. 1874 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ళ వయసులో, ఉద్యోగం చేసుకుంటూనే ఫొటోగ్రఫీ మొదలుపెట్టాడు. ఫొటోగ్రఫీ కాలేజీలో డిగ్రీ తీసుకుని కాదు, చేసి చూసి నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లో నేర్చుకోవడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. అప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావకం సమంగా పోయాలి. వెండి లవణం ద్రావకంలో ముంచాలి. అది ఆరిపోకముందే కెమేరాలో పెట్టి బొమ్మ తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి పరుగెత్తి డెవలప్ చేయాలి. దీనికంతా నిమిషాల వ్యవధే. మన ఎండలకు పలక ఇంకా తొందరగా ఆరిపోతుంది. ఎండ పెరిగితే ఒక లెక్క, మబ్బు పడితే ఒక లెక్క. ఒక పలక పాడయితే డబ్బూ పోయె, శ్రమా పోయె. కనుక ప్రతి పలక వెనుకా ఆలోచన ఉండి తీరాలి.

డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ఆయనకు ఎలా ఉపయోగపడిందో ఆయన తీసిన కట్టడాల ఫొటోలు చూస్తే అర్థమవుతుంది. గోడలు నిటారుగా నిలబడతాయి. తోరణం దాని కొలతల్లో ఉంటుంది. ఎక్కడ నిలబడి చూస్తే కట్టడం మొత్తం అర్థమవుతుందో ఆ చోటు ఆయనకు తెలుసు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో పాటు బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి తీసిన చిత్రాలు తర్వాత మధ్య భారత కట్టడాల పుస్తకంగా వచ్చాయి. 1880లలో ఆయన హైదరాబాదు చేరి సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. 1894లో నిజాం ఆయనకు "రాజా", "ముసవ్విర్ జంగ్" బిరుదులిచ్చి గౌరవించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. యుద్ధం చేసినవాడికి ఇచ్చే "జంగ్" బిరుదును కెమేరా పట్టినవాడికి ఇచ్చిన నగరమిది! ఆయన 1905లో కాలం చేశారు. 1989లో ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 2006లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఇందులో విద్యార్థులు గమనించవలసిన చిన్న సంగతి ఒకటుంది. ఆయన స్టూడియో చిత్రాల మీద అడుగున ఒక అంకె, ఒక పేరు రాసి ఉంటాయి. ఏ పలక ఏదో లెక్క ఉంది. కళాకారుడికి లెక్కలెందుకు అనుకునే పిల్లలు ఈ అంకెలను గుర్తుపెట్టుకోవాలి.

మన వీధుల్లో నాలుగు ప్రయోగాలు

ఇప్పుడు మీరు రేపే చేయదగిన నాలుగు ప్రయోగాలు చెబుతాను. వీటికి పెద్ద కెమేరా అక్కర్లేదు. సెట్టింగులు మార్చుకోనిచ్చే ఫోను చాలు. నలుగురు స్నేహితులకు ఒక్క ఫోనున్నా చాలు.

మొదటిది, వెలుగు దిక్కు. ఉదయం వెలుగే మంచిదని అందరూ అంటారు. అది నిజమో కాదో చార్మినార్ దగ్గర పరీక్షించండి. 1591 నాటి ఆ కట్టడం నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉన్నాయి. గచ్చుతో చేసిన పూలపని దాని నిండా ఉంది. తూర్పు ముఖాన్ని పొద్దున్నే తీయండి, పది గంటలకు తీయండి, పదకొండున్నరకు తీయండి. అదే చోట నిలబడాలి. పొద్దున సూర్యుడు ఎదురుగా కొడతాడు, పూలపని చదునుగా కనిపిస్తుంది. ఎండ పైకెక్కి గోడను రాసుకుంటూ జారినప్పుడు ప్రతి రేకు కింద నీడ పడి పువ్వు పైకి లేచి వస్తుంది. అంటే మంచి వెలుగు, చెడ్డ వెలుగు అనేవి విడిగా లేవు. ఏ గోడకు ఏ వేళ అన్నదే ప్రశ్న.

రెండవది, తెలుపు నలుపుల పరీక్ష. తెల్ల కుర్తా వేసుకున్న తాతగారిని తెల్లగోడ ముందు కూర్చోబెట్టి తీస్తే కుర్తా బూడిద రంగులో వస్తుంది. నల్ల బురఖాలో ఉన్న అమ్మను, ఆమె ఒప్పుకుంటేనే, చీకటి తలుపు ముందు తీస్తే బురఖా కూడా బూడిద రంగులోనే వస్తుంది. ఎందుకు? కెమేరాకు తాతగారు తెలియదు, అమ్మ తెలియదు. ఎదురుగా ఉన్నదంతా నడిమి బూడిద రంగే అనుకుని అది లెక్క వేస్తుంది. ఎక్స్‌పోజరు సవరించే మీటలో తెలుపుకు ఒక మెట్టు పెంచండి, నలుపుకు ఒక మెట్టు తగ్గించండి. తెలుపు తెలుపవుతుంది, నలుపు నలుపవుతుంది. యంత్రం చెప్పినదాన్ని కంటితో చూసి సరిదిద్దడం మనిషి పని. ఈ పాఠం ఫొటోగ్రఫీకే పరిమితం కాదని పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

మూడవది, కాలం. మగ్రిబ్ తర్వాత గుల్జార్ హౌజ్ దగ్గర ఫోనును ఒక గట్టు మీద కదలకుండా ఆనించండి. జారకుండా కింద చిన్న ఇసుక సంచి పెట్టుకోండి. షట్టరు మొదట సెకనులో నూరోవంతు, తర్వాత పదోవంతు, తర్వాత పూర్తి ఒక సెకను పెట్టి తీయండి. చిత్రం వెలుతురు ఒకేలా ఉండేటట్టు ఐఎస్ఓ మాత్రం సర్దుకోండి. మొదటి దాంట్లో మనుషులు నిలిచిపోతారు. రెండో దాంట్లో చేతులు, కాళ్ళు చెదురుతాయి. మూడో దాంట్లో జనం పొగలా పారుతుంటే కమాను ఒక్కటే రాయిలా నిలబడుతుంది. పాత కాలపు వీధి ఫొటోల్లో అక్కడక్కడా మనిషి ఆకారం నీడలా ఎందుకు కనిపిస్తుందో అప్పుడు మీకే తెలుస్తుంది. అప్పటి పలకలు నెమ్మది, మనుషులు తొందర.

నాలుగవది కెమేరా లేకుండా చేసేది. 1842లో సర్ జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపు, అంటే నీలి ముద్ర. వంద మిల్లీలీటర్ల నీటిలో ఇరవై అయిదు గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, ఇంకో వంద మిల్లీలీటర్లలో పది గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడు కలిపి ఉంచుకోవాలి. రెండింటినీ సమపాళ్ళలో కలిపి, వెలుతురు తక్కువ ఉన్న గదిలో గట్టి కాగితానికి బ్రష్షుతో పూసి ఆరబెట్టాలి. ఇది సైన్సు మాస్టారుగారి ఎదుటనే చేయండి. చేతులకు గ్లవుజులు ఉండాలి, వంటింటి గిన్నెలు వాడరాదు, యాసిడ్ల దగ్గర ఉంచరాదు. ఆ కాగితం మీద గోరింటాకు రెమ్మో, జాలీ ముక్కో పెట్టి ఎండలో పది నిమిషాలుంచి నీళ్ళలో కడిగితే ఎండ తగిలినచోట నీలం, తగలనిచోట తెలుపు మిగులుతుంది.

ఇక్కడ మన కార్చోబ్ పనివాళ్ళ పిల్లలకు ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. జర్దోజీ పనికి ముందు డిజైను కాగితం మీద గీసి, గీత వెంట సూదితో రంధ్రాలు పొడుస్తారు. దాన్నే ఖాకా అంటారు. దాని మీదుగా రంగు రుద్దితే గుడ్డ మీద చుక్కలు దిగుతాయి. అదే ఖాకాను వెలుగు దూరని నల్ల కాగితం మీద పెట్టి మళ్ళీ పొడవండి. ఆ నల్ల కాగితాన్ని నీలి ముద్ర కాగితం మీద పరచి ఎండలో పెట్టండి. ప్రతి రంధ్రం ఒక ఇబ్న్ అల్-హైసమ్ దీపం! తెల్ల కాగితం మీద నీలి చుక్కలతో మామిడి పిందె, తీగ, పువ్వు లేచి వస్తాయి. తండ్రి సూదితో చేసే పనిని కొడుకు, కూతురు ఎండతో చేస్తారు. ఇంటి వృత్తి చిన్నతనం కాదనీ, అది కళలోకి తెరుచుకునే తలుపనీ పిల్లలకు వేరే ఉపన్యాసం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఎదుగుదలలో మూడు మెట్లు

ఇలా ప్రయోగాలు చేసే విద్యార్థి మూడు మెట్లు ఎక్కుతాడు. మొదటి మెట్టు మీద ఇతరుల్ని చూసి తీస్తాడు. పోస్టుకార్డు మీద చార్మినార్ ఎలా ఉందో అలాగే తనకూ రావాలంటాడు. తప్పు లేదు, అక్షరాలు దిద్దడం లాంటిదది. రెండో మెట్టు మీద చమత్కారాలు చేస్తాడు. అన్నీ చెదిరిపోవాలి, అన్నీ నీడబొమ్మలు కావాలి, అన్నీ వంకరగా ఉండాలి. దీన్ని చూసి పెద్దలు నవ్వకండి, కోప్పడకండి. కొత్తగా మాటలు నేర్చిన పిల్లవాడు ఊరికే మాట్లాడినట్టే ఇది. కాని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మూడో మెట్టు మీద చెప్పవలసిన విషయం ముందు వస్తుంది, పద్ధతి దాని వెనుక వస్తుంది. ఉదాహరణకు లాడ్ బజారులో లక్క గాజులు చేసే మనిషిని తీసుకోండి. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరికింది. దుకాణంలో మెరిసే గాజుల్ని అందరూ తీస్తారు. నిప్పుల మీద లక్కను వేడిచేసి, మెత్తబడ్డది గట్టిపడేలోగా వంచి, ఒక్కొక్క రాయీ పొదిగే వేళ్ళను ఎవరు తీస్తారు? ఆ వేగం తెలియాలంటే షట్టరు కాస్త నెమ్మది చేయాలి, వేళ్ళు కొద్దిగా చెదరాలి, గాజు మాత్రం నిలవాలి. ఇక్కడ చెదరడం చమత్కారం కాదు, అది ఆ మనిషి శ్రమ. "నేను ఇది ఎందుకిలా తీశాను?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన రోజున ఆ విద్యార్థి ఎదిగాడని నేను నమ్ముతాను.

దీనికి సాధనం పది రూపాయల నోటుపుస్తకం. తేదీ, వేళ, వెలుగు ఎటునుంచి, షట్టరు ఎంత, ఏమి మార్చాను, ఏమి వచ్చింది. ఈ ఆరూ రాసుకోండి. చెడిపోయిన బొమ్మను వెంటనే చెరిపేయకండి. అది ఎందుకు చెడిందో రాసిన తర్వాతే చెరపండి.

అనుమతి, మర్యాద, ఆడపిల్లల చదువు

మన వీధుల్లో కెమేరా ఎత్తేటప్పుడు కొన్ని మర్యాదలున్నాయి. నమాజు చేసేవారిని, స్త్రీలను, బిచ్చమెత్తేవారిని, పసిపిల్లలను అడగకుండా తీయరాదు. వద్దంటే వద్దే. దొంగతనంగా తీసినది ఎంత బాగున్నా అది దొంగసొత్తే. ప్రాణుల బొమ్మల విషయంలో పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. ఆ చర్చ ఆలిములది, నాది కాదు. ఆ సంకోచమున్న ఇళ్ళ పిల్లలు రాళ్ళనూ, ఆకులనూ, నీడలనూ, ఫలకాల మీది అక్షరాలనూ తీసి కూడా ఈ విద్య పూర్తిగా నేర్చుకోవచ్చు. నేను చెప్పిన నాలుగు ప్రయోగాల్లో మూడింటికి మనిషి ముఖమే అక్కర్లేదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. "పరదా ఇళ్ళలో ఫొటోలేమిటి?" అన్న ప్రశ్న కొత్తది కాదు. దీన్ దయాళ్ కాలంలోనే వచ్చింది. దానికి అప్పటి హైదరాబాదు చెప్పిన జవాబేమిటో తెలుసా? 1892లో స్త్రీల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే మహిళ. మర్యాద పేరు చెప్పి తలుపు మూయలేదు, మర్యాదకు తగ్గ తలుపు ఒకటి కట్టారు. నూటముప్ఫై ఏళ్ళ కిందటి వాళ్ళకు తోచినది ఇవాళ మనకు తోచకపోవడం బాగుండదు. పెళ్ళిళ్ళలో జనానా వైపు ఫొటోలు తీయడానికి ఆడపిల్లలే కావాలని ఎన్నో కుటుంబాలు వెతుకుతున్నాయి. మన అమ్మాయిలకు ఈ పని నేర్పితే అది గౌరవమైన సంపాదన కాదా?

కడుపు నిండుతుందా?

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. పెళ్ళి ఫొటోలే కాదు, పత్రికలకు, ఆసుపత్రులకు, పురావస్తు శాఖలకు, మ్యూజియములకు, వస్తువులమ్మే దుకాణాలకు ఫొటోగ్రాఫర్ల అవసరం ఉంది. మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ చదువుంది. ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. చార్మినార్ నుంచి ఎంత దూరం? కొన్ని కిలోమీటర్లు. మనకు దూరమనిపించేది రోడ్డు కాదు, "అది మనవాళ్ళకు కాదులే" అన్న ఆలోచన.

అందరూ ఫొటోగ్రాఫర్లు కానక్కరలేదు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. పాతబస్తీని ప్రతిరోజూ ఎంతోమంది ఫొటో తీసుకుని పోతున్నారు. వాళ్ళు తీసేది రెండే. ఒకటి చార్మినార్, రెండు మన పేదరికం. ఈ రెండింటి మధ్యలో బ్రతికే బ్రతుకంతా ఎక్కడ? తెల్లవారుజామున నహారీ దుకాణం ముందు చేరే కూలీలు, పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద అత్తరు సీసా మూత తీసి వాసన చూపే ముసలాయన, మేడమీద దీపం కింద చదువుకునే ఆడపిల్ల, వీటిని ఎవరు తీస్తారు? పాత దేవ్డీలు ఒక్కొక్కటే కూలిపోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. కూలిన గోడను ఎవరూ తిరిగి తేలేరు. కూలకముందు తీసిన బొమ్మ మాత్రం మిగులుతుంది. ఆ బొమ్మను బయటివాళ్ళ కంటే ఆ గోడ పక్కన పుట్టిన పిల్లలే బాగా తీయగలరు. వేరేవాళ్ళు చూపిన మనల్ని మనం చూసుకోవడం వేరు, మనల్ని మనమే చూపుకోవడం వేరు.

కనుక సొసైటీవారికి రెండు మనవులు. ఒకటి, ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉన్న పాత కెమేరాలు, ఫోన్లు సేకరించి, పుస్తకాల మాదిరిగా పిల్లలకు వారానికొకరికి ఇవ్వండి. రెండు, వచ్చే వార్షిక సభకు ఈ హాలులో ఒక గోడ పిల్లలకు వదిలిపెట్టండి. బొమ్మతోపాటు నోటుపుస్తకంలోని పేజీ కూడా అక్కడ అతికించాలి. బహుమతి అందమైన బొమ్మకు కాదు, బాగా ఆలోచించిన పేజీకి ఇవ్వండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయో అమ్మాయో ఒకే గోడను నాలుగు సార్లు తీస్తూ కనబడితే "పిచ్చి పట్టిందా?" అనకండి. "దేనికి దేనికి తేడా వచ్చింది?" అని అడగండి. ఆ ప్రశ్న ఒక్కటి చాలు, పిల్లవాడు మర్నాడు అయిదోసారి కూడా వెళతాడు.